అపరిచితుడితో బేరం: కృష్ణా డెల్టాలో అమ్మకందారు భద్రత, మోటుపల్లి శాసనం నుంచి క్యూఆర్ కోడ్ వరకు

పాఠ్య లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• అపరిచితుల మధ్య జరిగే వ్యాపారంలో అమ్మేవారికి ఎదురయ్యే ముఖ్య సమస్యను వివరించగలుగుతారు.
• ఆ సమస్యకు కృష్ణా డెల్టాలో వివిధ కాలాల్లో దొరికిన పరిష్కారాలను పోల్చగలుగుతారు.
• ఆన్‌లైన్‌లో వస్తువులు అమ్మేటప్పుడు జరిగే మోసాల తీరును చారిత్రక దృష్టితో విశ్లేషించగలుగుతారు.
• అనుమానం కలిగిన సందర్భంలో ఏమి చేయాలో, ఏమి చేయకూడదో కారణాలతో చెప్పగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

మీలో చాలామంది పాత సైకిల్‌నో, ఫ్రిజ్‌నో, పోటీ పరీక్షల పుస్తకాలనో ఫోన్‌లో ఫొటో పెట్టి అమ్మే ఉంటారు. ప్రకటన పెట్టిన పది నిమిషాల్లో ఫోన్ మోగుతుంది. అవతలి మనిషి ఎవరో తెలియదు, ఎక్కడ నుంచి మాట్లాడుతున్నాడో తెలియదు. అయినా బేరం మొదలవుతుంది. ఇది మన కాలంలో పుట్టిన కొత్త పరిస్థితి అనిపిస్తుంది. కాని ముఖపరిచయం లేని మనిషికి సరుకు అమ్మడం కృష్ణా డెల్టా ప్రజలకు శతాబ్దాలుగా తెలిసిన పని. మోటుపల్లి, మచిలీపట్నం రేవుల్లో, బెజవాడ రైల్వే గూడ్స్ షెడ్డులో, తపాలా కార్యాలయపు కిటికీ దగ్గర జరిగింది ఇదే.

వ్యాపార చరిత్రలో మోసం అనగానే సాధారణంగా కొనేవారి కష్టమే మనకు గుర్తుకు వస్తుంది. కల్తీ సరుకు, తక్కువ తూకం, నకిలీ బ్రాండు మొదలైనవి అలాంటివి. 1986, 2019 సంవత్సరాల వినియోగదారుల రక్షణ చట్టాలు కూడా ప్రధానంగా కొనేవారి కోసం ఏర్పడినవే. ఇంట్లో ఉన్న పాత బల్లను అమ్ముకునే మనిషి ఆ చట్టాల దృష్టిలో వినియోగదారుడు కాడు. అమ్మేవాడు బలవంతుడు, కొనేవాడు బలహీనుడు అనే పాత అంచనా దీనికి కారణం. ఆన్‌లైన్ అమ్మకం ఈ అంచనాను తలకిందులు చేసింది. ఈ పాఠంలో మనం అమ్మేవారి వైపు నిలబడి చరిత్రను చూద్దాం.

2. అసలు సమస్య: సరుకుకూ సొమ్ముకూ మధ్య దూరం

ప్రతి అమ్మకంలోనూ రెండు కదలికలు ఉంటాయి. సరుకు అమ్మేవారి చేతి నుంచి కొనేవారి చేతికి పోతుంది. సొమ్ము కొనేవారి చేతి నుంచి అమ్మేవారి చేతికి వస్తుంది. ఈ రెండూ ఒకే చోట, ఒకే క్షణంలో జరిగితే మోసానికి సందు తక్కువ. విజయవాడ కాళేశ్వరరావు మార్కెట్‌లో కూరగాయలు అమ్మే మనిషికి కొనేవారి ఊరూ పేరూ తెలియనవసరం లేదు. ఒక చేత్తో నోటు తీసుకుని మరో చేత్తో సంచి ఇస్తాడు.

రెండు కదలికల మధ్య కాలం గాని, దూరం గాని వచ్చినప్పుడు ఎవరో ఒకరు ముందుగా నమ్మవలసి వస్తుంది. ముందుగా నమ్మినవారే నష్టపోయే అవకాశం ఉంది. కాబట్టి ప్రతి కాలంలోనూ సమాజం రెండు మార్గాలు వెతికింది. మొదటిది, ఆ సందును వీలైనంత చిన్నది చేయడం. రెండవది, ఆ సందులో ఇరువైపులా నమ్మగల మూడవ మనిషిని నిలబెట్టడం. ఈ రెండు మార్గాలనూ గుర్తుంచుకోండి. పాఠం మొత్తం వీటి మీదనే నడుస్తుంది.

1970లో అమెరికన్ ఆర్థికవేత్త జార్జ్ అకర్‌లోఫ్ పాత కార్ల మార్కెట్‌ను ఉదాహరణగా తీసుకుని ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. బేరంలో ఒకరికి తెలిసిన విషయం మరొకరికి తెలియకపోతే, చెడ్డ సరుకు మంచి సరుకును మార్కెట్ నుంచి తరిమేస్తుందని ఆయన చూపాడు. అక్కడ దాచిన విషయం సరుకు గురించి. మన పాఠంలో దాచిన విషయం కొనేవాడి గురించి. ఫలితం మాత్రం ఒకటే. మోసగాళ్లు పెరిగితే నిజాయితీగా కొనేవారిని కూడా ఎవరూ నమ్మరు.

3. మోటుపల్లి అభయ శాసనం

డెల్టాకు దక్షిణ అంచున, నేటి బాపట్ల జిల్లాలో ఉన్న మోటుపల్లి కాకతీయుల కాలంలో పెద్ద రేవు. పదమూడవ శతాబ్ది చివరిలో మార్కో పోలో తన యాత్రా వృత్తాంతంలో 'ముత్ఫిలి' అని పేర్కొన్నది ఈ ప్రాంతాన్నే. 1244లో కాకతీయ గణపతిదేవుడు ఇక్కడ వేయించిన శాసనాన్ని అభయ శాసనం అంటారు.

దీని నేపథ్యం తెలుసుకోవాలి. తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైన వాటిని అంతకు ముందు రాజులు బలవంతంగా స్వాధీనం చేసుకునేవారు. ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చిన వర్తకుడు రేవులో అడుగుపెట్టగానే సర్వం కోల్పోయేవాడు. గణపతిదేవుడు ఆ పద్ధతిని రద్దు చేశాడు. నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని హామీ ఇచ్చాడు. ఎగుమతి దిగుమతుల మీద సుంకం ముప్పైలో ఒక వంతు అని శాసనంలో స్పష్టంగా చెక్కించాడు.

ఈ శాసనం ప్రత్యేకత మీరు గమనించాలి. రాజు తన మంచితనాన్ని మాటలతో చెప్పి ఊరుకోలేదు. రేటును రాతి మీద, అందరూ చూడగలిగే చోట నిలబెట్టాడు. పరదేశి వర్తకుడు రాజును వ్యక్తిగతంగా ఎరగనవసరం లేదు. రాయి మీది నియమాన్ని నమ్మితే చాలు. నమ్మకం మనిషి నుంచి నియమానికి మారడం వ్యాపార చరిత్రలో ముఖ్యమైన మెట్టు.

4. మచిలీపట్నం: బాకీ ఎగవేతకు తుపాకి సమాధానం

నియమం లేని చోట, లేదా నియమం అమలు చేసే అధికారే కొనుగోలుదారు అయిన చోట ఏమవుతుందో మచిలీపట్నం చరిత్ర చెబుతుంది. 1611లో ఈస్టిండియా కంపెనీ వారి 'గ్లోబ్' అనే ఓడ మచిలీపట్నం చేరింది. అప్పటికే డచ్చివారు అక్కడ వ్యాపారం చేస్తున్నారు. గ్లోబ్ ఓడ మీద వర్తకులుగా వచ్చిన పీటర్ ఫ్లోరిస్, లూకాస్ ఆంథ్యూనిస్ ఇద్దరూ నిజానికి ఆ ప్రాంతాలతో పరిచయం ఉండి, ఆంగ్లేయుల కొలువులో చేరినవారే.

ఫ్లోరిస్ తూర్పు దేశాలు తిరిగి మళ్లీ మచిలీపట్నం వచ్చాక సరుకు అమ్మాడు. రేవు అధికారి నుంచి రావలసిన బాకీ మాత్రం వసూలు కాలేదు. రేపు, మాపు అంటూ రోజులు గడిచాయి. గాలి మారకముందే ఓడ బయలుదేరాలి. ఆలస్యం చేస్తే అమ్మినవాడే విసిగి వెళ్లిపోతాడన్నది బాకీదారు లెక్క. చివరికి 1614లో ఫ్లోరిస్ మనుషులు ఆ అధికారి కుమారుణ్ణి పట్టుకుని ఓడ మీదికి తీసుకుపోయారు. అతను బ్రాహ్మణుడు కావడం వల్ల ఓడలో అన్నపానీయాలు ముట్టలేకపోయాడు. బాకీ చెల్లయ్యాక అతణ్ణి విడిచిపెట్టారు.

ఈ ఘట్టాన్ని వీరగాథగా చదవకండి. బాకీదారు తప్పు చేశాడు. దానికి శిక్ష పడింది అతని కొడుక్కి. ఓడా, ఫిరంగులూ ఉన్నవాడికి ఆ దారి దొరికింది. అదే రేవులో సరుకు అమ్మి సొమ్ము రాక తిరిగిన స్థానిక నేతగానికి ఆ దారి లేదు. సొంత చేతులతో న్యాయం తీర్చుకోవడం బలం ఉన్నవాడికే పనికొస్తుంది. ఈ మాటకు మనం పాఠం చివరిలో మళ్లీ వస్తాం.

5. షరాబు, గీటురాయి, సంచకారం

కొనేవాడు సొమ్ము ఇచ్చాడు సరే, అది నిజమైన సొమ్మేనా? ఈ ప్రశ్న కూడా పాతదే. బ్రిటిష్ పాలన తొలి రోజుల వరకు డెల్టా బజార్లలో రకరకాల వరహాలు, రూపాయలు, పణాలు కలిసి చలామణీ అయ్యేవి. అంచులు గీకినవి, కల్తీ లోహంతో పోసినవి వాటిలో ఉండేవి. అందుకే బేరం కుదిరాక నాణేలు షరాబు దగ్గరకు పోయేవి. షరాబు వాటిని తూచి, మోగించి, బంగారమైతే గీటురాయి మీద గీసి విలువ చెప్పేవాడు. నాణెం, నాణ్యం అనే మాటలు మన భాషలో ఒకే కుదురు నుంచి వచ్చాయని గుర్తుంచుకుంటే ఆ కాలపు జాగ్రత్త అర్థమవుతుంది. 1835లో కంపెనీ ప్రభుత్వం ఏకరూప రూపాయిని ప్రవేశపెట్టాక షరాబు అవసరం క్రమంగా తగ్గింది.

షరాబు పాత్రను కొద్దిగా విశ్లేషిద్దాం. కొనేవాడు "ఇది మంచి నాణెం" అంటే అమ్మేవాడు నమ్మడు. తానే పరీక్షించలేడు. కాబట్టి ఇద్దరికీ చెందని మూడవ మనిషి చేత పరీక్ష చేయిస్తాడు. షరాబును కొనేవాడే వెంటబెట్టుకు వస్తే ఆ పరీక్షకు విలువ లేదు. ఈ చివరి వాక్యాన్ని నేటి స్క్రీన్‌షాట్‌కు అన్వయించి చూడండి. సొమ్ము పంపినట్టు రుజువును కొనేవాడే తయారు చేసి చూపిస్తున్నాడు!

దూరప్రాంత చెల్లింపులకు హుండీలు వాడేవారు. వాటిలో షాజోగ్ హుండీ అనేది బజారులో పేరున్న షావుకారుకు మాత్రమే చెల్లించదగినది. దారిలో దొంగిలించినవాడు దాన్ని పట్టుకెళ్లినా సొమ్ము చేతికి రాదు.

ఇక సంచకారం. బేరం ఖాయం చేస్తూ కొనేవాడు ముందుగా ఇచ్చే కొద్దిపాటి సొమ్ము ఇది. బయానా అని కూడా అంటాం. నిఘంటువులు దీని మూలాన్ని 'సత్యంకారం' అనే సంస్కృత పదంలో చూపుతాయి. మాటను సత్యం చేసేది అన్నమాట. కొనేవాడు ఇచ్చే సంచకారం అమ్మేవాడికి రక్షణ. సొమ్ము ఎప్పుడూ కొనేవాడి వైపు నుంచి అమ్మేవాడి వైపుకే కదలాలి. ఆ దిశ తిరగబడిన చోట మోసం ఉందని మన పూర్వులకు ఎవరూ చెప్పనవసరం లేకపోయింది.

6. తపాలా, రైలు: దూరానికి కొత్త వంతెనలు

1855 నాటికి బెజవాడ వద్ద కృష్ణా ఆనకట్ట పూర్తయింది. కాలువల వెంట వరి, అపరాలు పడవల మీద కదిలాయి. 1890ల్లో కృష్ణ మీద రైలు వంతెన వచ్చాక బెజవాడ పెద్ద కూడలి అయింది. సరుకు వెళ్లే దూరం పెరిగింది. దానితోపాటు మనం రెండవ భాగంలో చెప్పుకున్న సందు కూడా పెరిగింది. దానికి రెండు పరిష్కారాలు దొరికాయి.

మొదటిది వి.పి.పి. భారత తపాలా శాఖ దీన్ని 1877లో ప్రవేశపెట్టింది. అమ్మేవారు పార్శిల్‌ను తపాలా కార్యాలయంలో ఇస్తారు. పోస్ట్‌మ్యాన్ కొనేవారి ఇంటికి వెళ్లి, సొమ్ము తీసుకుని పార్శిల్ ఇస్తాడు. ఆ సొమ్ము అమ్మినవారికి మనియార్డరుగా వస్తుంది. మనియార్డరు సేవ 1880లో మొదలైంది. వేర్వేరు ఊళ్లలో ఉన్న ఇద్దరు మనుషుల మధ్య "ఒక చేత్తో సొమ్ము, మరో చేత్తో సంచి" పద్ధతిని పోస్ట్‌మ్యాన్ సాధ్యం చేశాడు. విజయవాడ పుస్తక ప్రచురణకర్తలు తెలుగు పాఠకులకు పుస్తకాలు చేర్చిన ముఖ్యమార్గాల్లో ఇది ఒకటి. అయితే ఇందులోనూ లోపాలు ఉన్నాయి. ఆర్డరిచ్చినవాడు పార్శిల్ తిరస్కరిస్తే తపాలా ఖర్చు అమ్మేవాడి మీద పడేది. పెట్టెలో పుస్తకానికి బదులు చిత్తుకాగితాలు పెట్టి కొనేవారిని ముంచిన కథలూ ఉన్నాయి. పోస్ట్‌మ్యాన్ సొమ్ముకు పూచీ పడతాడు గాని, పెట్టెలో ఉన్నదానికి పడడు.

రెండవది ఆర్.ఆర్. పద్ధతి. టోకు వ్యాపారి సరుకును రైలులో పంపి, రైల్వే రసీదును బ్యాంకుకు ఇస్తాడు. కొనేవాడు బ్యాంకులో సొమ్ము కట్టి రసీదు విడిపించుకుంటాడు. రసీదు చూపితేనే స్టేషన్‌లో సరుకు ఇస్తారు. ఇక్కడ మూడవ మనిషి స్థానంలో బ్యాంకు నిలబడింది.

7. చట్టం ఏమి చెప్పింది?

1860 నాటి భారత శిక్షాస్మృతి మోసాన్ని నిర్వచించి, మోసంతో ఆస్తిని రాబట్టుకోవడాన్ని 420వ సెక్షన్ కింద శిక్షార్హం చేసింది. ఆ అంకె తెలుగులో తిట్టుగా స్థిరపడిపోయింది. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో ఈ నేరం 318వ సెక్షన్‌లోకి మారింది. కంప్యూటర్ లేదా ఫోన్ ద్వారా మరొకరిగా నటించి మోసం చేయడం సమాచార సాంకేతిక చట్టం 66-డి సెక్షన్ కిందికి వస్తుంది.

శిక్ష మోసం జరిగిన తరువాతి మాట. మోసం జరగకుండా చూసే సూత్రం 1930 నాటి సరుకుల విక్రయ చట్టంలో ఉంది. వేరే ఒప్పందం లేనప్పుడు సరుకు అప్పగించడం, ధర చెల్లించడం ఏకకాలంలో జరగాలని దాని 32వ సెక్షన్ చెబుతుంది. బజారు అనుభవమే ఇక్కడ చట్టమైంది.

ఆ సూత్రాన్ని వదిలితే ఏమవుతుందో ఇంగ్లండులోని ఒక కేసు చూపుతుంది. 'లూయిస్ వర్సెస్ ఎవరీ' కేసులో తీర్పు 1971లో వచ్చింది. ఒక విద్యార్థి తన కారును పత్రికా ప్రకటన ద్వారా 450 పౌండ్లకు అమ్మకానికి పెట్టాడు. వచ్చినవాడు తాను రాబిన్‌హుడ్ పాత్రలో పేరుపొందిన నటుడు రిచర్డ్ గ్రీన్‌నని చెప్పాడు. చెక్కు ఇచ్చాడు. విద్యార్థి సందేహిస్తే ఫొటో, ముద్ర ఉన్న స్టూడియో గుర్తింపు కార్డు చూపించాడు. విద్యార్థి కారు ఇచ్చేశాడు. చెక్కు చెల్లలేదు. మోసగాడు ఆ కారును మరో అమాయకుడికి అమ్మేశాడు. కారు ఆ రెండవ కొనుగోలుదారుకే చెందుతుందని కోర్టు తీర్పు ఇచ్చింది. గుర్తింపు కార్డు చూసి సరుకు ఇచ్చినవాడే నష్టం భరించాడు. ఈ కేసులోని స్టూడియో కార్డును మీరు తరువాతి భాగంలో మరో రూపంలో చూస్తారు.

8. ఆన్‌లైన్ అమ్మకం: పాత మోసం, కొత్త వేషం

1995లో అమెరికాలో ఈబే, క్రెయిగ్స్‌లిస్ట్ పుట్టాయి. మన దేశంలో ఓఎల్‌ఎక్స్, క్వికర్ వంటి వేదికలు 2000 దశకం చివరిలో, 2010 దశకంలో ఇంటింటికీ చేరాయి. 2016 ఏప్రిల్‌లో యూపీఐని ప్రకటించారు. అదే సంవత్సరం నవంబరులో పెద్దనోట్ల రద్దు, డిసెంబరు 30న భీమ్ యాప్ వచ్చాయి. కొద్ది సంవత్సరాల్లోనే పునుగుల బండి మీద కూడా క్యూఆర్ కోడ్ అతికింది. అలవాటు జ్ఞానం కంటే వేగంగా వ్యాపించింది. ఆ ఖాళీలోకి మోసగాళ్లు ప్రవేశించారు.

అమ్మేవారిపై జరిగే మోసాల్లో మూడు రకాలు ప్రధానమైనవి.

(అ) దిశ తిప్పే మోసం: క్యూఆర్ కోడ్‌లో ఉండేది సొమ్ము అందుకునేవారి చిరునామా. దాన్ని స్కాన్ చేసినవారి ఖాతా నుంచి సొమ్ము పోతుంది. పిన్ అనేది ఖాతా నుంచి సొమ్ము తీయడానికి మీరు పెట్టే సంతకం. సొమ్ము రావడానికి పిన్ గాని, స్కానింగ్ గాని అవసరం లేదు. మోసగాడు తన కోడ్ పంపి "స్కాన్ చేస్తే మీకు డబ్బు పడుతుంది" అంటాడు. అడ్వాన్స్ ఇస్తున్నట్టు కనిపిస్తూ అడ్వాన్స్ తీసుకుంటాడు. 'కలెక్ట్ రిక్వెస్ట్' పేరుతో వచ్చే అభ్యర్థనలను కూడా ఇలాగే వాడారు. వ్యక్తుల మధ్య ఆ సదుపాయాన్ని 2025 అక్టోబరు 1 నుంచి నిలిపివేయాలని నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ బ్యాంకులను ఆదేశించింది.

(ఆ) ఎక్కువ చెల్లించినట్టు నటించే మోసం: 1,500 పంపబోయి 15,000 పంపానని బ్యాంకు సందేశం లాంటిది పంపుతారు. మిగిలినది వెంటనే తిప్పి పంపమని ఏడుస్తారు. సందేశం బ్యాంకు నుంచి రాలేదు. సొమ్మూ రాలేదు. అమెరికాలో చదువు ముగించి, కారూ మంచమూ అమ్ముకుని వేరే ఊరు వెళ్లే మన తెలుగు విద్యార్థులు ఎదుర్కొనే మోసం దీనికి అన్న వంటిది. అక్కడ కొనేవాడు ఎక్కువ మొత్తానికి నకిలీ క్యాషియర్ చెక్కు ఇస్తాడు. చెక్కు పూర్తిగా చెల్లకముందే బ్యాంకు ఖాతాలో సొమ్ము వాడుకోనిస్తుంది. 1987 నాటి అక్కడి చట్టం అందుకు గడువులు విధించింది. విద్యార్థి తేడా సొమ్ము తిప్పి పంపాక, కొన్ని రోజులకో వారాలకో చెక్కు తిరిగి వస్తుంది. నష్టం విద్యార్థిదే.

(ఇ) వేషం మోసం: సైనికాధికారిననో, భద్రతా దళాల జవానుననో చెప్పి గుర్తింపు కార్డు ఫొటో పంపడం. ఇలాంటి మోసాల గురించి తెలుగు రాష్ట్రాల పోలీసులు అనేకసార్లు హెచ్చరించారు. ఇక్కడ సైన్యం తప్పు ఏమీ లేదు. సమాజం దేన్ని ఎక్కువగా గౌరవిస్తుందో మోసగాడు దాని చొక్కానే తొడుక్కుంటాడు. ఇంగ్లండులో సినిమా నటుడి కార్డు చెల్లింది. మన దగ్గర జవాను కార్డు చెల్లుతోంది.

9. ఒక అనుభవం

ఈ పాఠం రాస్తున్న నేను ముప్పై ఏళ్లకు పైగా వ్యాపార చరిత్ర బోధించాను. పదవీ విరమణ తరువాత పటమటలోని ఇల్లు ఖాళీ చేసి చిన్న ఫ్లాట్‌కు మారుతూ, మా నాన్నగారి టేకు రాతబల్లను అమ్మకానికి పెట్టాను. ధర 14,000 రూపాయలు. కాసేపటికే ఒకాయన ఫోన్ చేశాడు. విజయవాడకు బదిలీ అయిన సైనికాధికారినన్నాడు. కార్డు ఫొటో పంపాడు. బేరమాడలేదు, బల్ల చూస్తాననలేదు. ముందు ఐదు రూపాయలకు కోడ్ పంపి పరీక్షగా స్కాన్ చేయమన్నాడు. చేశాను, ఐదు పోయి పది వచ్చాయి. నాకు నమ్మకం కుదిరింది. తరువాత పెద్ద మొత్తానికి కోడ్ పంపాడు. పిన్ కొట్టాను. 14,000 పోయాయి. "పొరపాటు జరిగింది, మళ్లీ స్కాన్ చేస్తే రెండూ కలిపి వస్తాయి" అన్నాడు. అప్పుడు మా అమ్మాయి నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, "నాన్నగారూ, ఆపండి" అంది.

సొమ్ము పోవడం కంటే పెద్ద తప్పు ఆ తరువాత చేశాను. మోసాల చరిత్ర చెప్పిన మాస్టారు మోసపోయాడంటే నలుగురూ ఏమంటారోనని రెండు రోజులు ఫిర్యాదు చేయలేదు, ఎవరికీ చెప్పవద్దని అమ్మాయినీ ఒప్పించాను. ఫిర్యాదు చేసేసరికి సొమ్ము అవతలి ఖాతా దాటిపోయింది. తిరిగి రాలేదు.

వారం తరువాత కంకిపాడు నుంచి ఒకతను ఫోన్ చేశాడు. కూతురి చదువుకు బల్ల కావాలన్నాడు. నేను అతణ్ణి దొంగను ప్రశ్నించినట్టు ప్రశ్నించాను. అతను కోప్పడలేదు. "డబ్బు పట్టుకుని నేనే వస్తానండీ. బల్ల చూస్తాను, మీరు లెక్క చూసుకోండి" అన్నాడు. ఆటో ట్రాలీతో వచ్చాడు. బల్ల అడుగున చెయ్యి పెట్టి చూశాడు, 500 తగ్గించమన్నాడు, నోట్లు లెక్కపెట్టి ఇచ్చాడు. పోతూ పోతూ, "ఫోన్‌లో నన్ను అనుమానించారు మాస్టారూ. మీ తప్పు కాదులెండి, రోజులు అలా ఉన్నాయి" అన్నాడు. ఆ మాట 14,000 కంటే ఎక్కువ కాలం గుర్తుంది. మోసగాడు నా దగ్గర సొమ్మే తీసుకోలేదు. కంకిపాడు మనిషికి నేను ఇవ్వవలసిన మర్యాదను కూడా తీసుకుపోయాడు.

ఆ తరువాత ఆలోచిస్తే ఒక విషయం తేలింది. కంకిపాడు మనిషి తన నిజాయితీని మాటలతో నిరూపించుకునే ప్రయత్నం చేయలేదు. కార్డు పంపలేదు. చూసి, తూచి, ఏకకాలంలో ఇచ్చిపుచ్చుకునే పద్ధతిని ప్రతిపాదించాడు. మోసగాడు తనను నమ్మమన్నాడు. నిజమైన కొనుగోలుదారు పద్ధతిని నమ్మమన్నాడు.

10. అనుమానం కలిగినప్పుడు

పై చరిత్ర నుంచి వచ్చే ఆచరణ సూత్రాలను కారణాలతో సహా గుర్తుంచుకోండి.

• మనిషిని కాదు, పద్ధతిని పరీక్షించండి. "మీరు మోసగాడా?" అని అడగనవసరం లేదు. "వచ్చి చూసి, డబ్బు ఇచ్చి తీసుకెళ్లండి" అని అందరికీ ఒకే మాట చెప్పండి. నిజాయితీపరుడికి ఇందులో అవమానం లేదు. మోసగాడికి దారి లేదు. పగటిపూట, నలుగురూ తిరిగే చోట కలవండి.

• సొమ్ము దిశను చూడండి. మీరు అమ్మేవారైనప్పుడు పిన్, ఓటీపీ, స్కానింగ్, ఫోన్ తెరను పంచుకునే యాప్ ఏదీ అవసరం లేదు. ఒక్క రూపాయి పరీక్ష అన్నా ఒప్పుకోకండి. చిన్న మొత్తం నమ్మకం పుట్టించడానికి వేసే ఎర.

• మీ షరాబును మీరే ఎంచుకోండి. కొనేవారి స్క్రీన్‌షాట్ గాని, మీ ఫోన్‌కు వచ్చిన సందేశం గాని రుజువు కాదు. మీ బ్యాంకు యాప్ తెరిచి నిల్వ చూడండి. ఎక్కువ సొమ్ము పడిందంటే మీరే తిప్పి పంపకండి, బ్యాంకు ద్వారా సరిచేయించుకోమనండి.

• తొందరకు లొంగకండి. మచిలీపట్నంలో బాకీదారు ఆలస్యాన్ని ఆయుధంగా వాడాడు. నేటి మోసగాడు తొందరను వాడతాడు. ఇద్దరూ చేసేది అవతలి మనిషి కాలాన్ని తమ చేతిలోకి తీసుకోవడమే.

• వాహనం అమ్మితే ఆర్.సి. బదిలీ పూర్తి చేయించండి. అదే రాష్ట్రంలో అయితే అమ్మినవారు 14 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం చెబుతుంది. రికార్డులో పేరు ఉన్నవారే యజమాని బాధ్యత వహించాలని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

• ఫ్లోరిస్ దారి పట్టకండి. మోసగాణ్ణి తిట్టి, ఆటపట్టించి, ఉచ్చు పన్ని సరదా పడాలనిపిస్తుంది. అతని దగ్గర మీ ఫోన్ నంబరు, ఫొటో, కొన్నిసార్లు ఇంటి చిరునామా ఉన్నాయి. మీ దగ్గర ఓడ లేదు. మాట ఆపి, నంబరును నిరోధించి, ప్రకటనల వేదికకు తెలియజేయండి. ఒక ప్రాంతం పేరో, భాషో పట్టుకుని అందరినీ నిందించడం కూడా అతని కొడుకును బంధించడం వంటిదే.

• సొమ్ము పోతే సిగ్గుపడి కూర్చోకండి. వెంటనే 1930కి ఫోన్ చేయండి, మీ బ్యాంకుకు చెప్పండి. 2021లో 155260 సంఖ్యతో మొదలైన సేవే ఇప్పటి 1930. లావాదేవీ సంఖ్య చెబితే, సొమ్ము ఇంకా ఏ ఖాతాలో ఉందో అక్కడ నిలిపివేసే ప్రయత్నం జరుగుతుంది. అందుకే గంటలు కాదు, నిమిషాలు ముఖ్యం. 2019లో మొదలైన జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు. మరో విషయం గమనించండి. ఖాతాదారు ప్రమేయం లేకుండా మూడవ వ్యక్తి లోపం వల్ల పోయిన సొమ్ము విషయంలో, మూడు పనిదినాల్లో చెబితే ఖాతాదారుకు బాధ్యత ఉండదని 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు నియమం చేసింది. మీరే పిన్ కొట్టి పంపిన సొమ్ముకు ఆ రక్షణ వర్తిస్తుందని భరోసా పెట్టుకోలేం. కాబట్టి పిన్ కొట్టకముందు ఆగడమే అసలైన రక్షణ.

11. సారాంశం

అపరిచితులతో వ్యాపారంలో అమ్మేవారి సమస్య సరుకుకూ సొమ్ముకూ మధ్య వచ్చే సందు. మోటుపల్లి శాసనం నమ్మకాన్ని రాజు మనసు నుంచి రాతి మీదికి తెచ్చింది. మచిలీపట్నం ఘట్టం నియమం అమలు కాని చోట బలం రాజ్యమేలుతుందని చూపింది. షరాబు, హుండీ, సంచకారం, వి.పి.పి., ఆర్.ఆర్. పద్ధతి అన్నీ ఆ సందును మూసే ప్రయత్నాలే. యూపీఐ సొమ్ము ప్రయాణాన్ని క్షణంలోకి తెచ్చింది. కాని మధ్యనున్న పోస్ట్‌మ్యాన్‌ను తీసేసింది. ఇప్పుడు ఆ పోస్ట్‌మ్యాన్ చేసిన పని అమ్మేవారే చేసుకోవాలి: సొమ్ము చేతికి వచ్చాకే పార్శిల్ ఇవ్వాలి. ఆ పద్ధతి పాటించినవారు ఎవరినీ అవమానించకుండానే జాగ్రత్తగా ఉండగలరు.

ముఖ్య పదాలు

షరాబు: నాణేల నాణ్యతను పరీక్షించి విలువ కట్టే వ్యక్తి.
సంచకారం: బేరం ఖాయం చేస్తూ కొనేవారు ముందుగా ఇచ్చే సొమ్ము, బయానా.
షాజోగ్ హుండీ: పేరున్న షావుకారుకు మాత్రమే చెల్లించదగిన హుండీ.
వి.పి.పి.: సొమ్ము చెల్లించాకే పార్శిల్ అప్పగించే తపాలా పద్ధతి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మోటుపల్లి అభయ శాసనం పరదేశి వర్తకులకు ఏ హామీ ఇచ్చింది? (5 పంక్తుల్లో రాయండి)
2. షరాబు పాత్రకూ నేటి చెల్లింపు రుజువులకూ ఉన్న పోలికను వివరించండి. (10 పంక్తుల్లో)
3. "ఆలస్యం, తొందర రెండూ ఒకే ఆయుధపు రెండు అంచులు." మచిలీపట్నం ఘట్టాన్నీ ఆన్‌లైన్ మోసాలనూ ఉదాహరణలుగా తీసుకుని చర్చించండి. (30 పంక్తుల్లో)
4. మీ ఇంట్లో లేదా వీధిలో పెద్దవారిని ఒకరిని అడిగి, వారు అపరిచితుడికి మొదటిసారి ఏదైనా అమ్మిన అనుభవాన్ని రాసుకోండి. అందులో ముందుగా నమ్మినది ఎవరు, మధ్యలో నిలబడిన మూడవ మనిషి ఎవరు అన్నది గుర్తించండి.